బ్యాంకులో ఖాతా ఉన్నది సరే, అది ఏ ఖాతా?

శ్రీరాంపూర్ : బొగ్గుగనుల ప్రాంతంలో బ్యాంకు ఖాతా లేని ఇల్లు ఇప్పుడు అరుదు. గని జీతం, ఉపాధి కూలి, పంట పైసలు, గ్యాస్ రాయితీ అన్నీ అందులోనే పడుతున్నాయి. అయితే చేతిలోని పాస్ పుస్తకం ఏ రకం ఖాతాదో చెప్పగలిగినవారు తక్కువ. ఆ తేడా తెలియక నష్టపోతున్నది ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులు, కూలీలు, వృద్ధులే.

గనిలో పర్మనెంటు కార్మికునిది జీతం ఖాతా. నెలనెలా జీతం పడినంత కాలం అందులో కనీస నిల్వ అడగరు. జీతం ఆగితే మాత్రం దానిని సాధారణ పొదుపు ఖాతాగా మార్చే పద్ధతి బ్యాంకులలో ఉన్నది. కాంట్రాక్టు కార్మికునికి ఈ బెడద ఎక్కువ. టెండరు ముగిసి కొత్త కాంట్రాక్టరు వస్తే కొత్త ఖాతా తెరవవలసి రావచ్చు. పాతది అలాగే పడి ఉంటుంది. కనీస నిల్వ నిబంధన ఉన్న బ్యాంకైతే దానిలో కోత మొదలవుతుంది. స్టేట్ బ్యాంకు 2020లోను, కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకులు 2025లోను పొదుపు ఖాతాలకు ఈ నిబంధన ఎత్తివేశాయి. ప్రైవేటు బ్యాంకులలో చాలావాటికి ఇంకా ఉన్నది.

ఈ బాధ లేని ఖాతాయే మౌలిక పొదుపు ఖాతా. రిజర్వు బ్యాంకు 2005లో ‘నో ఫ్రిల్స్’ పేరుతో మొదలుపెట్టి, 2012 ఆగస్టులో దీనిని అందరికీ వర్తించే మామూలు సేవగా మార్చింది. ఇది పేదలకు పెట్టే దానం కాదు, ఎవరు అడిగినా ఇవ్వవలసిందే. కనీస నిల్వ అక్కరలేదు. ఏటీఎం కార్డుకు రుసుము లేదు. డబ్బు ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు. నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా తీసుకోవచ్చు. 2014లో వచ్చిన జన్‌ధన్ ఖాతా ఈ కోవలోనిదే. కౌంటరు వద్ద ‘జీరో బ్యాలెన్సు ఖాతా’ అంటే చాలదు, జీతం ఖాతాను కూడా అలాగే పిలుస్తారు.

నిబంధన ఉన్నంత మాత్రాన పైసలు భద్రమని కాదు. ఈ ఖాతాలలో నాలుగు దాటిన ప్రతి లావాదేవీకి, ఫోనుతో చేసిన చెల్లింపుతో సహా, స్టేట్ బ్యాంకు రూ. 17.70 వసూలు చేసిందని ఐఐటి బొంబాయి ఆచార్యుడు ఆశిష్ దాస్ 2021లో బయటపెట్టారు. 2015-20 మధ్య సుమారు 12 కోట్ల ఖాతాల నుండి ఆ మొత్తం 300 కోట్ల రూపాయలు దాటింది. తిరిగి చేరింది అందులో కొంతే. దేశంలోనే పెద్ద బ్యాంకు సంగతి ఇది. అందుచేత నెలకొకసారి పాస్ పుస్తకం అచ్చు వేయించి కోతలు చూసుకోవడం అవసరం.

సాధారణ పొదుపు ఖాతా ఉన్నవారు దానినే మౌలిక ఖాతాగా మార్చమని కాగితంపై రాసి ఇవ్వవచ్చు. అదే బ్యాంకులో రెండో పొదుపు ఖాతా మాత్రం ఉండరాదు. కొత్తగా తెరిచేవారికి ఓటరు కార్డు గాని, ఉపాధి జాబ్ కార్డు గాని ఉంటే గుర్తింపు పత్రంగా చెల్లుతుంది. ఏ పత్రమూ లేనివారికి ఫొటో, సంతకం లేదా వేలిముద్రతో ‘చిన్న ఖాతా’ తెరుస్తారు. అందులో నిల్వ రూ. 50 వేలు, నెలకు తీసుకోగలిగింది రూ. 10 వేలు దాటరాదు.

కనీస నిల్వ లేదని కోత పెట్టే ముందు బ్యాంకు ఖాతాదారుకు తెలియజేసి నెల గడువు ఇవ్వాలి. ఆ కోత వల్లనే ఖాతా సున్నాకు దిగువన పడరాదు. ఈ నిబంధన 2015 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. ‘మైనస్‌లో ఉన్నది, ముందు అది కట్టు’ అన్న మాట వినవలసి వస్తే, ఆ బాకీ ఎలా ఏర్పడిందో కాగితంపై అడగాలి.

ఇక కోల్‌బెల్టులో పాత జబ్బు ఒకటున్నది. అప్పు ఇచ్చిన వ్యాపారి ఏటీఎం కార్డు, రహస్య నంబరు తన వద్దనే ఉంచుకుని, జీతం పడగానే తానే మిత్తి తీసుకోవడం. అప్పు తీర్చవలసిందే గాని, కార్డు కుదువ వస్తువు కాదు. దానిని నిలిపివేయించి బ్యాంకు నుండి కొత్త కార్డు తీసుకునే హక్కు ఖాతాదారుకు ఎప్పుడూ ఉన్నది.

బ్యాంకుపై ఫిర్యాదును మొదట మేనేజరుకే రాసి ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు. వివరాలకు 14448 నంబరుకు ఫోను చేయవచ్చు.