తాళంచెవి ఎవరి చేతిలో ఉండాలి?

అమెరికాలోని ఒక తెలుగింటి దృశ్యాన్ని ఊహించుకోవచ్చు. వేసవి ఉదయం. గుంటూరు నుండి వచ్చిన తల్లి తులసి కుండీకి నీళ్ళు పోయడానికి వాకిట్లోకి వస్తుంది. ఇంట్లోని చల్లదనం బయటికి పోకూడదని తలుపు దగ్గరగా వేస్తుంది. 30 సెకన్లు గడవగానే తలుపులోని మోటారు చిన్నగా మూలిగి, గడియ తనంతట తానే పడుతుంది. ఆమె ఫోను వంటింట్లో ఉంది. కూతురు ఆఫీసులో సమావేశంలో ఉంది. అల్లుడు వేరే ఊళ్ళో ఉన్నాడు. తాళంచెవి ఎక్కడ ఉన్నదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఎందుకంటే ఆ ఇంట్లో తాళంచెవి అవసరం ఎవరికీ కలగలేదు. సమావేశం ముగిసిన తరువాత కూతురు ఫోను తెరపై వేలు పెడితే 20 మైళ్ళ దూరంలో తలుపు తెరుచుకుంటుంది. అప్పటివరకు ఆ తల్లి ఎండలో మెట్లమీద కూర్చుని ఉంటుంది.

అంత దూరం నుండి తలుపు తెరవగలగడం సాంకేతిక విజ్ఞానం సాధించిన విజయమే. ఇంట్లో ఉంటున్న మనిషి తన వాకిట తానే అపరిచితురాలై నిలబడడం కూడా ఆ విజ్ఞానం తెచ్చిపెట్టినదే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించవలసిన సమయం వచ్చింది.

కొంగుముడి నుండి ఫోను తెరకు

తెలుగునాట తాళాలగుత్తి కేవలం ఇనుప వస్తువు కాదు, అధికార చిహ్నం. ఇల్లాలి నడుమున వేలాడే గుత్తి ఆ ఇంటి పెత్తనం ఎవరిదో చెప్పేది. అత్తగారు కోడలికి తాళాలు అప్పగించడమంటే సంసారం అప్పగించడమే. ఊరికి వెళ్ళేవారు పొరుగింట తాళంచెవి ఇచ్చి వెళ్ళడంలో ఒక నమ్మకం ఉండేది. తాళం ఎన్ని ఉన్నా, చెవి ఎవరి చేతిలో ఉన్నదన్నదే అసలు ప్రశ్న.

నేడు చాలా ఇళ్ళలో కనిపించే చిన్న చదునైన తాళంచెవి అమెరికన్ ఆవిష్కర్త లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంటు పొందిన అమరికకు వారసురాలు. తాళం లోపల స్ప్రింగులపై నిలిచే చిన్న చిన్న మేకులు ఉంటాయి. చెవి అంచున ఉన్న గంట్లు ఒక్కొక్క మేకును సరిగ్గా కావలసినంత ఎత్తుకు లేపితేనే లోపలి కడ్డీ తిరుగుతుంది. ఇందులో విద్యుత్తు లేదు, కంపెనీ లేదు, నెలసరి చందా లేదు. చెవి ఉన్నవాడు తెరవగలడు, లేనివాడు తెరవలేడు. కొత్త తాళం మార్చినది సరిగ్గా ఈ సంబంధాన్నే.

దూరం నుండి గడియ ఎలా కదులుతుంది?

ఇప్పటి స్మార్ట్ తాళంలో కూడా పాత డెడ్‌బోల్ట్ గడియే ఉంటుంది. దానిని తిప్పే పని చేతికి బదులు ఒక చిన్న మోటారు చేస్తుంది. ఆ మోటారుకు సాధారణంగా నాలుగు పెన్సిల్ బ్యాటరీలు ఆధారం. వైఫై రేడియోను నిరంతరం మేల్కొలిపి ఉంచితే ఆ బ్యాటరీలు త్వరగా అయిపోతాయి. అందుచేత అనేక తాళాలలో జడ్-వేవ్, జిగ్‌బీ వంటి అల్పశక్తి రేడియో పద్ధతులు వాడుతారు. అమెరికాలో జడ్-వేవ్ 908 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోనూ, జిగ్‌బీ ప్రధానంగా 2.4 గిగాహెర్ట్జ్ వద్దనూ పనిచేస్తాయి. జడ్-వేవ్ తాళం ఎక్కువ సమయం నిద్రలోనే ఉండి, సెకనుకు ఒకసారో నాలుగుసార్లో లిప్తకాలం మేల్కొని, తనకేదైనా పిలుపు వచ్చిందా అని విని, మళ్ళీ నిద్రపోతుంది.

అయితే ఫోనుకు ఈ రేడియో భాష రాదు. అందుకు దుబాసీ కావాలి. ఆ దుబాసీయే హబ్ అనే చిన్న పెట్టె. ఒకవైపు అది ఇంటి ఇంటర్నెట్‌కూ, మరొకవైపు తాళం రేడియోకూ కలిసి ఉంటుంది. విజయవాడలో సెలవులు గడుపుతున్న గృహస్థు న్యూజెర్సీలోని తన తలుపు మూయదలచుకుంటే, ఆజ్ఞ ఫోను నుండి బయలుదేరి ఎక్కడో ఉన్న కంపెనీ సర్వరుకు చేరి, అక్కడినుండి ఇంటి రౌటరుకు, హబ్‌కు, చివరకు తాళానికి చేరుతుంది. మోటారు తిరిగాక ‘గడియ పడింది’ అన్న సమాధానం అదే దారిన వెనక్కి వస్తుంది. ఇదంతా సాధారణంగా కొద్ది సెకన్ల పని.

ఈ సౌకర్యాన్ని తేలికగా కొట్టిపారేయడం న్యాయం కాదు. చలికాలంలో న్యూజెర్సీలో అర్ధరాత్రి అయినప్పుడు విజయవాడలో ఉదయం 10:30 గంటలు. అంత దూరాన ఉన్నవారు మొక్కలకు నీళ్ళుపోసే పొరుగువారికి పది రోజులకు మాత్రమే చెల్లే కోడ్ ఇవ్వవచ్చు. గొట్టం పగిలితే ప్లంబరుకు తలుపు తీయవచ్చు. చెవి పోయిందని తాళం మార్చనక్కరలేదు. ఒక కోడ్ చెరిపివేస్తే చాలు. పూలకుండీ కింద చెవి దాచే పాత అలవాటు కంటే ఇది ఎంతో మేలు. దొంగలలో ఎక్కువమంది రేడియో తరంగాలను ఛేదించే విద్వాంసులు కారు. వారికి కిటికీ అద్దమే సులువు.

గొళ్ళెం మరచిన తాళం

తాళం వేసి గొళ్ళెం మరచినట్లు అన్న నానుడి ఈ యంత్రాలకు అక్షరాలా వర్తిస్తుంది. తాళం చెప్పేది గడియ స్థితిని మాత్రమే, తలుపు స్థితిని కాదు. తలుపు జానెడు తెరిచి ఉండగా మోటారు తిరిగితే గడియ గాలిలోకి పొడుచుకు వస్తుంది. ఫోను తెరమీద మాత్రం ‘మూసి ఉన్నది’ అనే కనబడుతుంది. తలుపు చట్రానికి చేరిందో లేదో చెప్పే సెన్సర్ కొన్ని తాళాలలోనే ఉంటుంది. తక్కినవాటికి వేరుగా అమర్చుకోవాలి. తేమకు తలుపు ఉబ్బి గడియ రంధ్రానికి ఎదురుగా రాకపోతే మోటారు మధ్యలోనే ఆగిపోతుంది. చేత్తో వేసేవాడు తలుపును కొంచెం లాగి వేస్తాడు. యంత్రానికి ఆ ఇంగితం లేదు.

రహస్యలిపి సంగతి కూడా చూడాలి. 2013లో పరిశోధకులు ఒక జడ్-వేవ్ తాళాన్ని దాని యజమాని రహస్యసంఖ్య తెలియకుండానే తెరవవచ్చునని బహిరంగంగా నిరూపించారు. లోపం రహస్యలిపిలో కాక, తయారీదారు దానిని అమలుపరచిన తీరులో ఉన్నది. ఆ తరువాత ఎస్-2 అనే మెరుగైన భద్రతా విధానం వచ్చి, 2017 ఏప్రిల్ నుండి కొత్త జడ్-వేవ్ పరికరాలకు తప్పనిసరి అయింది. తాళాల చరిత్రలో ఇది కొత్త కాదు. లండన్‌లో జోసెఫ్ బ్రామా సంస్థ తమ తాళాన్ని తెరిచినవారికి 200 గినీలు ఇస్తామని దుకాణం కిటికీలో సవాలు పెట్టింది. దశాబ్దాలు గడిచాక, 1851లో ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ 16 రోజులలో 51 గంటలు శ్రమించి దానిని తెరిచాడు. ఛేదించరాని తాళం లేదు. లోపం బయటపడినప్పుడు సరిదిద్దే నాథుడు ఉన్నాడా అన్నదే ముఖ్యం. ఇనుప తాళాన్ని సరిదిద్దడానికి ఊళ్ళో తాళాల మనిషి చాలు. సాఫ్ట్‌వేర్ తాళాన్ని సరిదిద్దగలిగినది దానిని తయారుచేసిన కంపెనీ ఒక్కటే.

కంపెనీ చేతిలో చెవి

ఆ కంపెనీ ఎన్నాళ్ళు ఉంటుంది? రివాల్వ్ అనే హబ్‌ను సుమారు 300 డాలర్లకు అమ్మారు. 2014లో నెస్ట్ సంస్థ ఆ కంపెనీని కొన్నది. 2016 మే నెలలో సర్వర్లను ఆపివేయగా, చెడిపోని పెట్టెలు ఒక్కసారిగా ఎందుకూ కొరగానివయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సంస్థ సర్వర్లు ముందుమాట లేకుండా మూగబోయాయి. 2017 ఆగస్టులో మరొక తయారీదారు పొరపాటున వేరే నమూనాకు చెందిన సాఫ్ట్‌వేర్ పంపడంతో సుమారు 500 తాళాల ఎలక్ట్రానిక్ భాగం పనిచేయడం మానివేసింది. వాటిని విప్పి మరమ్మతుకు పంపవలసి వచ్చింది. 2025 అక్టోబరు 20న ఉత్తర వర్జీనియాలోని అమెజాన్ కంప్యూటర్ కేంద్రాలలో లోపం తలెత్తినప్పుడు దూరదూరాల ఇళ్ళలో తలుపు గంటలు, మాట వినే స్పీకర్లు పలకలేదు. తన వాకిలి వర్జీనియాకు ముడిపడి ఉన్నదని ఆనాటివరకు ఎందరికి తెలుసు?

కంపెనీ కంటే దగ్గర మనుషుల విషయం మరింత సున్నితమైనది. హబ్ ఖాతా ఎవరి పేరున ఉంటే ఇంటి తలుపు వారి అధీనం. ఎవరు ఎన్ని గంటలకు వెళ్ళారో, ఎప్పుడు వచ్చారో చిట్టా అంతా వారి ఫోనులో ఉంటుంది. 2018లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక గృహహింస బాధితుల గురించి ప్రచురించిన కథనంలో, వీధి తలుపు కోడ్ ప్రతిరోజూ మారిపోతూ ఉంటే కారణం తెలియక తల్లడిల్లిన స్త్రీ ప్రసక్తి ఉన్నది. కొత్తగా దేశం వచ్చి, ఖాతాలన్నీ భర్త పేరనే ఉన్న ఇల్లాలికి ఈ ప్రమాదం ఎంత దగ్గరిదో వేరే చెప్పనక్కరలేదు. తల్లిదండ్రుల క్షేమం కోసం పెట్టిన యంత్రం వారి రాకపోకల లెక్క రాసే గుమాస్తాగా మారడం కూడా గౌరవప్రదం కాదు.

అద్దె ఇళ్ళలో ఈ వివాదం న్యాయస్థానం దాకా వెళ్ళింది. మన్‌హట్టన్‌లోని ఒక భవనంలో యజమాని వీధి తలుపుకు ఫోనుతో తెరిచే తాళం పెట్టగా, కొందరు అద్దెదారులు దావా వేశారు. 2019 మే నెలలో కుదిరిన రాజీ ప్రకారం వారికి లోహపు తాళంచెవులు ఇవ్వవలసి వచ్చింది. 2021లో న్యూయార్క్ నగరం ఇటువంటి తాళాలు సేకరించే సమాచారానికి హద్దులు విధిస్తూ చట్టం చేసింది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుండి అమలులోకి వచ్చిన చట్టం ఇంటర్నెట్‌కు కలిసే గృహోపకరణాలకు అందరికీ తెలిసిన ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మడాన్ని నిషేధించి, భద్రతా సవరణలు ఎంతకాలం అందిస్తారో ముందే చెప్పాలని శాసించింది. తాళం కొనేవారు అడగవలసిన మొదటి ప్రశ్న కూడా అదే.

ఇంటివారికి ముందు, దూరానికి తరువాత

దూరనియంత్రణ వద్దనడం పరిష్కారం కాదు. దానికి ఇంట్లో ఏ స్థానం ఇవ్వాలో నిర్ణయించుకోవడమే వివేకం. తలుపు మీద మొదటి హక్కు ఆ క్షణాన ఇంట్లో ఉన్నవారిది. హబ్ వారికి పరిచారకుడు కావాలి, యజమాని కారాదు.

ఈ సూత్రం నుండి కొన్ని నియమాలు సహజంగా వస్తాయి. ఇంటర్నెట్ లేకపోయినా ఇంటి లోపలి ఆజ్ఞలను నెరవేర్చే హబ్‌నే ఎన్నుకోవాలి. 2022 అక్టోబరులో వెలువడిన మేటర్ ప్రమాణం తాళాలకు కూడా ఈ స్థానిక పద్ధతినే కల్పించింది. కొన్న మొదటి వారంలోనే ఇంటర్నెట్ తీగ ఊడదీసి, కోడ్‌తోనూ, చెవితోనూ, ఇంట్లోని ఫోనుతోనూ తలుపు తెరుచుకుంటున్నదో లేదో పరీక్షించాలి. చెవి రంధ్రం లేని తాళమైతే, బయటినుండి 9 వోల్టుల బ్యాటరీ ఆనించి ప్రాణం పోసే ఏర్పాటు ఉన్నదో లేదో చూడాలి.

మూయడానికి దూరం అడ్డు కానక్కరలేదు. తెరవడానికి మాత్రం కొంత అడ్డుగానే ఉండాలి. పొరపాటున తలుపు మూస్తే ఒకరికి ఇబ్బంది. పొరపాటున తెరిస్తే ఇల్లంతా బయలు. కనుక దూరం నుండి తెరిచే ఆజ్ఞకు అదనపు రహస్యసంఖ్య, ఖాతాకు రెండంచెల తనిఖీ తప్పనిసరి. ఫోను ఇంటి దగ్గరికి రాగానే తలుపు తనంతట తెరుచుకునే ఏర్పాటును పక్కన పెట్టడమే మేలు.

ఇంట్లో పెద్దలు ఉన్నప్పుడు గడియ తనంతట తాను పడే గడువును పొడిగించాలి, లేదా తీసివేయాలి. భార్యాభర్తలిద్దరికీ ఖాతాపై సమాన అధికారం ఉండాలి. పని ముగిసిన వారి కోడ్‌లు చెరిపివేయాలి. ఇల్లు అమ్మేటప్పుడు హబ్ నుండి తాళాన్ని విడదీయాలి. బ్యాటరీలకు ఒక తిథి పెట్టుకోవచ్చు. దసరాకు ఆయుధపూజ చేసే ఇళ్ళలో, ఆ రోజున తాళానికి బొట్టు పెట్టి కొత్త బ్యాటరీలు వేసి, ఉగాదికి మళ్ళీ ఒకసారి చూసుకుంటే మరపు ఉండదు.

వీటన్నిటికంటే తేలికైనది, అన్నిటికంటే మరచిపోయేది మరొకటి ఉన్నది. విమానాశ్రయం నుండి వచ్చిన తల్లిదండ్రులకు వైఫై పాస్‌వర్డ్ చెప్పే ముందు, వారికి గుర్తుండే నాలుగంకెల కోడ్ ఒకటి వారి చేతనే పెట్టించి, తలుపు బయట నిలబెట్టి రెండుసార్లు తెరిపించాలి. ఆపైన ఒక లోహపు తాళంచెవి వారి చేతికివ్వాలి. అమ్మ దానిని కొంగున ముడివేసుకున్నా, నాన్న జేబులో వేసుకున్నా, ఆ ఇంట్లో వారు అతిథులు కారన్న మాట ఆ చెవి చెబుతుంది. ఆ మాట చెప్పగల హబ్ ఇంకా తయారు కాలేదు.