తల్లి పురుగు ఎంచుకున్న మొక్క

పుదుచ్చేరి గుబేర్ మార్కెట్లో వంకాయలు ఏరుకునేవాళ్లు ప్రతి కాయనూ తిప్పి చూసేది రంధ్రం కోసమే. పెద్దగా కనిపించే ఆ రంధ్రం చాలావరకు పురుగు తిని బయటికి వెళ్లిపోయిన దారి. లోపలికి దూరిన చోటు సన్నగా ఉండి త్వరగా పూడిపోతుంది. మందు కొట్టాలని రైతుకు తోచేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది.

మొవ్వు, కాయ తొలిచే ఈ పురుగు తల్లి రాత్రిపూట వంగ ఆకుల అడుగున, లేత కొమ్మలపై, పూమొగ్గలపై గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు బయటికొచ్చిన కొద్ది గంటల్లోనే మొవ్వులోకో కాయలోకో దూరుతుంది. ఆ తర్వాత పైన పడే మందు దాన్ని అంతగా తాకదు. ఏ మొక్క మీద బతకాలో పిల్ల కన్నా ముందే తల్లి తేల్చేస్తుంది. మన సలహాలు మాత్రం ఇప్పటికీ ‘ఏ పురుగుకు ఏ మందు’ అన్న దగ్గరే తిరుగుతున్నాయి.

మొక్కను పురుగు ఎలా గుర్తుపడుతుంది? క్యాబేజీ జాతి మొక్కల్లో ఆవ ఘాటునిచ్చే రసాయనాలుంటాయి. మామూలుగా ముట్టని ఆకులకు వాటిని పూస్తే క్యాబేజీ సీతాకోకచిలుక గొంగళి పురుగులు తినేస్తాయని డచ్ శాస్త్రవేత్త వెర్షాఫెల్ట్ 1910లోనే చూపారు. మనల్ని నోరు మండించే ఘాటే వాటికి భోజనానికి పిలుపు.

అయితే తల్లి ఎంపిక ప్రతిసారీ పిల్లకు మేలు చేయదు. క్యాబేజీని పాడుచేసే డైమండ్ రెక్కల పురుగు, బార్బేరియా అనే ఆవజాతి కలుపు మొక్క మీద ఇష్టంగా గుడ్లు పెడుతుంది. ఆ మొక్కలోని సపోనిన్ల వల్ల పిల్లలు బతకవు. మన ఆవ మొక్క అలా కాదు, దాని మీద పిల్లలు హాయిగా పెరుగుతాయి. అందుకే బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతిలో, 25 వరుసల క్యాబేజీకి రెండు వరుసల ఆవాలను ఎరపంటగా వేసి, మందు ఆ ఆవాల మీదే కొడతారు. ‘ఎరపంట వేయండి’ అని చెప్పి ఊరుకునే సలహా ఇక్కడే ప్రమాదకరం. పట్టించుకోని ఎరపంట పురుగులకు పురిటిల్లు అవుతుంది.

పుదుచ్చేరి మిద్దెతోటల్లో చిక్కు వేరు. వంగ కుండీ పక్కనే తమిళులు మణత్తక్కాళి అనే కామంచి, సుండక్కాయ్ అనే ఉస్తి ఉండవచ్చు. మూడూ ఒకే కుటుంబం. ఆకును జల్లెడ చేసే 28 మచ్చల ఎపిలాక్నా పెంకు పురుగు వంగ మీదా కామంచి మీదా బతుకుతుంది. వంగను శుభ్రం చేసి కామంచిని వదిలేస్తే లాభం లేదు. (పేనుబంకను తినే మిత్రపురుగునూ, దీన్నీ తెలుగులో అక్షింతల పురుగనే అంటారు. మిత్రపురుగు నున్నగా మెరుస్తుంది. ఎపిలాక్నా సన్నని నూగుతో మసకగా ఉంటుంది.)

కురుంబపేట కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు మందుల జాబితాతో పాటు, ఏ మొక్క పక్కన ఏది పెట్టకూడదో చెప్పే పట్టికను తమిళంలో, యానాం వాసుల కోసం తెలుగులో ఇస్తే ఖర్చు పెద్దగా ఉండదు. అందులో మొదటి వరుసలోనే ఉండాల్సిన మాట ఒకటుంది: వాలిపోయిన వంగ మొవ్వును తుంచి కుండీలోనే పడేయకూడదు. లోపలి పురుగు సజీవంగానే ఉంటుంది, రాలిన ఆకుల్లో కోశస్థ దశకు చేరి, రెక్కలతో తిరిగి వస్తుంది.