ఎడ్లబండే క్రేన్ అయిన చోట

సినిమా అంటే కోట్ల వ్యవహారం, మనలాంటివాళ్లకు ఎందుకులే అనుకోవడం మామూలే. మహారాష్ట్రలోని మాలేగావ్ అలా అనుకోలేదు. నాసిక్ జిల్లాలోని ఆ ఊరికి మరమగ్గాలే బతుకుతెరువు. షోలాపూర్, భివండీల్లో మనవాళ్లు సాంచాలనేవి అవే. అక్కడ వీడియో పార్లర్ నడిపిన నాసిర్ షేక్ 2000లో ‘మాలేగావ్ కే షోలే’ తీశారు. హిందీ ‘షోలే’కు అది పేరడీ. చేతిలో ఉన్నది మామూలు వీడియో కెమెరా. నటులు ఊరివాళ్లే. ఈ బృందం ట్రాలీ లేకపోతే సైకిల్‌ను, క్రేన్ లేకపోతే ఎడ్లబండిని వాడుకుని పని కానిచ్చింది.

ఆ తరువాత ‘మాలేగావ్ కా సూపర్‌మాన్’ తీశారు. హీరో షఫీక్ షేక్ మగ్గం కార్మికుడు. ఆ చిత్ర నిర్మాణంపై ఫైజా అహ్మద్ ఖాన్ 2008లో డాక్యుమెంటరీ తీశారు. అది 2012లో థియేటర్లకు వచ్చేసరికి షఫీక్ లేరు. 2011లోనే కేన్సర్‌తో కన్నుమూశారు. నాసిర్ బృందం కథతో రీమా కాగ్టీ తీసిన హిందీ చిత్రం 2024లో టొరంటో ఉత్సవానికి వెళ్లింది. ఇంత పేరు ఎడ్లబండి వల్ల రాలేదు. ఊరి నవ్వును, ఊరి మాటను ఉన్నదున్నట్టు చూపినందుకు వచ్చింది.

సరిహద్దు తెలుగువారు ఆలోచించాల్సింది ఇక్కడే. షోలాపూర్ తెలుగులో మరాఠీ పలుకుంది. బళ్లారిలో కన్నడం, హోసూరులో తమిళం, బరంపురంలో ఒడియా కలిశాయి. హైదరాబాద్ సినిమాలో ఈ తెలుగు వినపడటం అరుదు. వినిపించినా నవ్వించడానికే. పిల్లల చదువు వేరే భాషలోకి మారిన ఇళ్లలో ఈ యాస తాతయ్యలు, అమ్మమ్మలతోనే ఆగిపోయేలా ఉంది.

ఇవాళ కుర్రాళ్ల జేబులో ఉన్న సెల్‌ఫోన్ నాసిర్ నాటి కెమెరా కన్నా మెరుగైనదే. కొరతల్లా చూసేవాళ్లది, చూపే చోటుది. ఉగాదికి పందిళ్లు వేసి, హైదరాబాద్ నుంచి కళాకారులను రప్పించే తెలుగు సంఘాలు ఆ సాయంత్రం ఒక్క గంట స్థానిక కుర్రాళ్ల చిత్రాలకు ఇస్తే చాలు. ఒక తెర, ఒక ప్రొజెక్టర్, అద్దె లేని హాలు. దానికి పెద్ద ఖర్చేం కాదు. ఫోకస్ తప్పిందని, మాట సరిగా వినపడలేదని మొదట్లోనే తీసిపారేయకూడదు. మన మాట మనవలకు అందాలంటే దాన్ని మనమే తెరకెక్కించుకోవాలి. వేరెవరో వచ్చి ఆ పని చేస్తారని కూర్చుంటే ఆలస్యమైపోతుంది.