శిక్షకు జపనీయుడు, పింఛనుకు పరాయివాడు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి 80 ఏళ్లు దాటినా జపాన్ పార్లమెంటు తేల్చకుండా నాన్చుతున్న వ్యవహారం ఒకటుంది. జపాన్ సైన్యం కింద పనిచేసిన కొరియన్లలో 148 మందిని మిత్రరాజ్యాల న్యాయస్థానాలు యుద్ధనేరస్థులుగా శిక్షించాయి. 23 మందికి మరణశిక్ష అమలైంది. శిక్షపడినవారిలో అత్యధికులు సేనానులు కాదు, యుద్ధఖైదీల శిబిరాల్లో కాపలా కాసిన కుర్రాళ్లు. వారి కుటుంబాలకు పరిహారం ఇచ్చే చట్టాన్ని జపాన్ ఇకనైనా చేయాలి. ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. వారిని జైల్లో ఉంచడానికి జపాన్ చెప్పిన కారణమే ఈ పరిహారానికీ ఆధారం.

లీ హక్రే జీవితం చూస్తే ఇది అర్థమవుతుంది. 1910లో కొరియాను కలిపేసుకున్న జపాన్, 1940 నుంచి కొరియన్ల చేత జపనీ పేర్లు పెట్టించింది. దక్షిణ జొల్లా ప్రాంతంలో 1925లో పుట్టిన లీ అలా హిరోమురా అయ్యారు. 1942లో శిబిరాల కాపలాకు సుమారు 3,000 మంది కొరియన్లను తీసుకున్నప్పుడు ఆయనకు పదిహేడేళ్లు. శిక్షణలో ఒకరి చెంప ఒకరు వాయించడం నేర్పారు తప్ప, యుద్ధఖైదీలకు హక్కులుంటాయనీ 1929 నాటి జెనీవా ఒప్పందం ఒకటుందనీ ఎవరూ చెప్పలేదు. శిక్షణ ముగిశాక ఆయనను థాయిలాండ్ అడవుల్లోని హింటోక్ శిబిరానికి పంపారు. బర్మా దాకా 415 కిలోమీటర్ల రైలుమార్గం వేస్తున్న ఇంజనీర్లు పనికి ఇంతమంది కావాలని రోజూ లెక్క చెప్పేవారు. జబ్బుపడ్డవాళ్లను పంపలేమని ఖైదీల వైద్యులు అడ్డుపడేవారు. ఆ లెక్క పూర్తిచేసే పని కాపలాదారుది. సైన్యంలో అందరికన్నా కింది మెట్టు అతనిదే అయినా, ఖైదీలకు రోజూ ఎదురుపడిన ముఖం కూడా అతనిదే. యుద్ధం ముగిశాక వారికి గుర్తున్నదీ ఆ ముఖమే. 1947లో సింగపూర్‌లోని చాంగీ జైల్లో లీకి మరణశిక్ష పడింది. తర్వాత దాన్ని ఇరవై ఏళ్ల జైలుగా తగ్గించారు.

వీరు ఇష్టపడి చేరినవారే కదా అనే వాదన ఉంది. కాగితం మీద అది నిజమే: రెండేళ్ల ఒప్పందం, నెలకు 50 యెన్ల జీతం. కానీ ఊరికింతమంది అని అధికారులు ఒత్తిడి తెస్తున్నప్పుడు, కొరియన్లకూ నిర్బంధ సైనిక సేవ వర్తిస్తుందని 1942 మేలోనే ప్రకటించేసినప్పుడు, పల్లెటూరి కుర్రాడి ముందున్నది ఎంపిక అనిపించుకోదు. దక్షిణ కొరియా కూడా చాలాకాలం వీరిని ద్రోహులుగానే చూసింది. చివరికి 2006లో ప్రభుత్వ విచారణ సంఘం వీరిని నిర్బంధ సమీకరణ బాధితులుగా గుర్తించింది.

అసలు అన్యాయం 1952లో జరిగింది. ఆ ఏడాది ఏప్రిల్ 28న శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందం అమల్లోకి రాగానే కొరియన్లకు జపాన్ పౌరసత్వం పోయింది. జపాన్ పౌరుల శిక్షలను అమలుచేసే బాధ్యత మాత్రం ఆ ఒప్పందమే జపాన్‌కు అప్పగించింది. ఇక మేం జపనీయులం కాం గనుక విడిచిపెట్టండని టోక్యోలోని సుగామో జైల్లో ఉన్న కొరియన్లు కోర్టుకెక్కారు. శిక్ష పడిననాడు మీరు జపనీయులే అంటూ సుప్రీంకోర్టు జులైలో ఆ పిటిషన్‌ను కొట్టేసింది. సరే, అలాగే అనుకుందాం. మరి 1953లో చట్టాలు సవరించి, యుద్ధనేరస్థులుగా మరణించిన తన సైనికుల కుటుంబాలకు సైతం పింఛను ఇచ్చిన జపాన్, కొరియన్లకు వచ్చేసరికి పౌరసత్వం లేదంది. సుగామో నుంచి 1956లో విడుదలైన లీ పరాయి నగరంలో చేతిలో ఏమీ లేకుండా నిలబడ్డారు. ఇలా బయటికొచ్చినవారిలో ఇద్దరు ఆత్మహత్య చేసుకున్నారు.

వీరి చేతుల్లో దెబ్బలు తిన్న ఖైదీల సంగతేమిటి? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. ఆ రైలుమార్గం పనిలో సుమారు 12,000 మంది మిత్రరాజ్యాల ఖైదీలు చనిపోయారు. మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళ, తెలుగు కూలీలతో సహా ఆసియా కార్మికుల మరణాలు అంతకు ఎన్నో రెట్లు. లీ కూడా తన పాత్రను కాదనలేదు. 1991లో ఆస్ట్రేలియా వెళ్లి, హింటోక్‌లో ఖైదీల వైద్యుడిగా ఉన్న ఎడ్వర్డ్ డన్‌లాప్‌ను కలిసి క్షమాపణ చెప్పారు. పరిహారం ఇస్తే తీర్పులు చెరిగిపోవు. నేరాన్ని బట్టి శిక్ష పడింది, వారు అనుభవించారు. అదే శిక్ష పడిన ఇద్దరిలో పింఛను ఒకరికిచ్చి మరొకరికి ఎగ్గొట్టడానికి నేరం కారణం కాదు, పుట్టుకే కారణం.

1965లో దక్షిణ కొరియాతో కుదిరిన ఒప్పందంతో లెక్కలన్నీ తీరాయన్నది టోక్యో చివరి అడ్డంకి. అందులో ఈ మనుషుల ప్రస్తావన లేదు, వారి చేతికి అందిందీ లేదు. పరిహారం కోరుతూ వారు వేసిన దావాను 1999లో కొట్టేస్తూ సుప్రీంకోర్టే ఇది చట్టసభ తేల్చాల్సిన విషయమంది. 2008లో ప్రతిపక్షం తలకు 30 లక్షల యెన్ల చొప్పున ఇవ్వాలని బిల్లు పెట్టింది. మరుసటి ఏడాది సభ రద్దు కావడంతో అది మురిగిపోయింది. లీ 2021లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పుచ్చుకోవలసినవాళ్లు పోయారని టోక్యో ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. 1953 సవరణ డబ్బిచ్చింది కూడా మరణించినవారి కుటుంబాలకే. ఆ బిల్లును మళ్లీ సభ ముందు పెట్టి, అదే వరుసలో కొరియా కుటుంబాలను చేర్చాలి.