జరుగని ఆజ్ఞకు జవాబు

పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న శ్రీహరికోట చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022లో తిరుపతి జిల్లాకు చేరినది. 2025 జనవరి 29న అచ్చటినుండి నూరవ ప్రయోగం జరిగినది. రాకెట్టు తన పని తాను నెరవేర్చి, ఎన్.వి.ఎస్.-02 అను ఉపగ్రహాన్ని తాత్కాలిక కక్ష్యలో విడిచినది. పిమ్మట ఉపగ్రహం తన ఇంజనును మండించుకొని పై కక్ష్యకు పోవలెను. పోలేదు. ఇంధనం మండుటకు కావలసిన ఆక్సీకారిణిని లోనికి విడుచు కవాటాలు తెరచుకొనలేదని కొలది దినములలోనే ఇస్రో ప్రకటించినది.

ఈ విచారకరమైన వార్తలో గమనింపదగిన విషయమొకటి కలదు. ఏ కన్నూ చూడజాలని చోట కవాటం కదలలేదని నేలమీదివారికి తెలిసినది. ఉపగ్రహానికి ఆజ్ఞ పంపుట ఒక ఏర్పాటు. దాని లోపలి పీడనం, ఉష్ణోగ్రత మొదలగువానిని కొలిచి క్రిందికి తెలుపు టెలీమెట్రీ మరియొక ఏర్పాటు. ఆజ్ఞ అందినదన్నంత మాత్రాన అచ్చటివారు తృప్తిపడరు. జరిగినదా అని చూతురు.

బడిలోని కంప్యూటరుకు మాత్రం ఈ మర్యాద ఎందుకుండరాదు? ఉపాధ్యాయుడొకరు నలుబదిమంది మార్కులు ఎక్కించి 'భద్రపరచు' మీట నొక్కుదురు. తెర కదలదు. మార్కులు భద్రమైనవా? మీట పనిచేయలేదా? మార్పేమియు లేదు గనుక చేయవలసినదే లేకపోయినదా? మూడింటికీ ఒకటే మౌనం! మరునాడు ఖాళీ పట్టిక చూచి, ఆ తప్పు తనదేనని ఆయన నొచ్చుకొందురు. సాఫ్ట్‌వేరు దాచిన లోపాన్ని మనిషి మోయుట అన్యాయం.

చెప్పదగినది లేనపుడు పలుకకుండుటయే మేలని యూనిక్స్ సంప్రదాయం. 1970ల నాటి ఆ పద్ధతికి హేతువున్నది: అందులో ఒక ప్రోగ్రాము పలికినదానిని మరియొకటి చదువుకొనును, వ్యర్థపు మాట అడ్డు తగులును. కాని ఆ యూనిక్స్‌లో సైతం, ఉన్న ఫోల్డరునే మరల సృష్టింపుమన్నచో, అది ఇదివరకే ఉన్నదని జవాబు వచ్చును. ఆ జవాబు అక్కరలేనివారు ఆజ్ఞకు ఒక గుర్తు చేర్చి వద్దనవచ్చును. కోరి తెచ్చుకొన్న మౌనం వేరు, తెలియక పడిన మౌనం వేరు.

అట్లని ప్రతిదానికీ తెర నడుమ ఒక పెట్టె లేచి 'సరే' అనిపించుకొనుటయు తగదు. పదిమార్లు చూచినవాడు పదునొకండవసారి చదువక నొక్కును. అంచున ఒక్క పంక్తి చాలును. పనిచేయని మీటను వెలవెలబోయినట్లు చూపి ఊరకుండుట నేడు పరిపాటి. దానిపై వేలు పెట్టినపుడు 'పుట్టినతేదీ పూరింపలేదు' అని చెప్పినచో పిల్లవాని దరఖాస్తు ఆ పూటకే ముగియును.