నేల మెరవాలా, నిలబెట్టాలా?

దాచేపల్లిలో కాలికింద తవ్వితే సున్నపురాయి. అయినా కొత్త ఇళ్ళ బాత్‌రూముల్లోకి గుజరాత్‌లోని మోర్బీ నుంచి అద్దంలాంటి టైల్స్ దిగుతున్నాయి. హాల్లో మిగిలినవి అక్కడ సర్దేసేవాళ్ళూ ఉన్నారు. నాకిది బొత్తిగా నచ్చదు.

హాల్లో పొడికాళ్ళతో తిరుగుతాం. బాత్‌రూములో సబ్బునీళ్ళలో ఒంటికాలి మీద నిలబడి రెండోది రుద్దుకుంటాం. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్ళు అక్కడ జారి తుంటి విరగ్గొట్టుకుంటే మంచాన పడ్డట్టే.

విట్రిఫైడ్ టైల్ మంచిదే. అరశాతానికి మించి నీరు పీల్చదు. తంటా అంతా దాని నునుపుతోనే. కాబట్టి మాట్ రకం అడగండి. కొట్లో ఒక పలక కింద పెట్టించి, సబ్బునీళ్ళు చల్లించి, చెప్పులు విడిచి జాగ్రత్తగా కాలు మోపి చూడండి. కొట్టాయన నవ్వితే నవ్వనివ్వండి. రెండడుగుల పలకల కన్నా అడుగు పలకలు మేలు. ట్రాప్ వైపు అన్ని దిక్కుల నుంచీ వాటం తేవడం మేస్త్రికి తేలిక, సందులు ఎక్కువ కనుక పాదానికి పట్టూ దొరుకుతుంది.

నా ఓటు మాత్రం పాలిష్ పట్టని నాపరాయికే. అదీ సున్నపురాయే. మాచర్ల నాపరాళ్ళ సంగతి ఇక్కడివాళ్ళకి నేను చెప్పాలా? మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు నాగార్జునకొండలో కృష్ణ ఒడ్డున స్నానఘట్టం కట్టింది సున్నపురాతి పలకలతోనే. సాగర్ నీళ్ళలో మునిగిపోకుండా దాన్ని విప్పి కొండమీద మళ్ళీ పేర్చారు. ఇప్పటికీ చూడొచ్చు.

ఈ రాయికి ఒక్కటే శత్రువు, ఆసిడ్. సున్నపురాయంటే కాల్షియం కార్బొనేటే. ఆసిడ్ పడగానే బుసబుస పొంగి రాయే కరిగిపోతుంది. మన బోరునీళ్ళకి తెల్లచారలు తప్పవు. అవి పోవాలని ఆసిడ్ పోస్తే గుంతలు పడతాయి, గుంతల్లో పాకుడు చేరుతుంది. సబ్బుపొడి, కొబ్బరిపీచు చాలు. ఆసిడ్ సీసా వదల్లేని ఇంట్లో నాపరాయి వద్దు, మాట్ టైలే వేయించుకోండి.

ఏది పరిచినా గజానికి అరంగుళం వాటం ఉండాలి. మేస్త్రికి ఆఖరి డబ్బు ఇచ్చే ముందు ఓ బకెట్ నీళ్ళు గుమ్మరించండి. మూలన నీరు నిలిస్తే మొహమాటపడకండి, ఆ మూల పీకించి మళ్ళీ వేయించండి.