అద్దె – ఆదాయమా? బాధ్యతా?

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన పెద్దలు ఊరక అనలేదు. ఆ రెండింటికి తోడు "అద్దెకిచ్చి చూడు" అనే మూడవ మాటను కూడ చేర్చవలసిన కాలం వచ్చినదని నా అభిప్రాయం. చందర్లపాడులో, నందిగామలో, జగ్గయ్యపేటలో కొత్తగా ఇల్లు కట్టుకొన్న మధ్యతరగతి గృహస్థు గృహప్రవేశం నాటి పందిరి విప్పకముందే పై అంతస్తు గురించి ఆలోచిస్తున్నాడు. క్రింద మనముందాము, పైన ఒక వాటా వేసి అద్దెకిద్దాము, ఆ అద్దెతో అప్పు తీరుతుంది, ఆ మీదట రెండవ ఇల్లు కొనవచ్చును – ఇదీ అతని ఆలోచన. ఆలోచన తప్పు కాదు. పింఛను లేని వృద్ధులకు, సంపాదించే మనిషిని పోగొట్టుకొన్న ఇల్లాలికి ఒక వాటా అద్దె ఎంతటి ఆసరాయో మనమెరుగుదుము. కాని ఈ దారిలో అడుగుపెట్టేవాడు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. అద్దె అనేది ఆస్తి ఉన్నందుకు దానంతట అదే రాలే ఫలమా? లేక చేసిన పనికి పుచ్చుకొనే ప్రతిఫలమా?

ఈ ప్రశ్నకు మన భాషలే సమాధానం చెబుతున్నవి. అరబీలో కూలికి 'ఉజ్రత్' అని పేరు. ఇంటిని అద్దెకిచ్చే ఒప్పందాన్ని 'ఇజారా' అంటారు. రెండు మాటలూ ఒకే ధాతువు నుండి పుట్టినవి. మనిషిని కూలికి పెట్టుకొనటాన్ని, ఇంటిని అద్దెకు పుచ్చుకొనటాన్ని ఇస్లామీయ న్యాయశాస్త్రం ఒకే ప్రకరణంలో చర్చించింది. పన్నెండవ శతాబ్దపు పండితుడు మర్గీనానీ రచించిన 'హిదాయా'లో ఇజారాను ప్రయోజనపు విక్రయంగా నిర్వచించారు. అంటే యజమాని అమ్ముతున్నది గోడలను కాదు, ఆ గోడల మధ్య నివసించే సౌకర్యాన్ని. ఇల్లు నివాసానికి పనికిరాకుండ పోయిననాడు అద్దె అడిగే హక్కు కూడ నిలువదు. తెలుగువారు సైతం బండికీ, మనిషికీ, ఇంటికీ 'కిరాయి' అనే ఒకే మాటను వాడుతూనే ఉన్నారు. కనుక అద్దె కూలి వంటిది. కప్పు కురవకుండ చూడటం, కుళాయిలో నీళ్ళు రావటం, వచ్చినవాడు నిశ్చింతగా నిద్రించటం – ఈ పనికి ముట్టే కూలి అది. పని చేయక కూలి అడగరాదు. పని చేయించుకొని కూలి ఎగవేయరాదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఈ రెండు వాక్యాలే.

ముందుగా లెక్క చూద్దాము. ఉదాహరణకు పై అంతస్తుకు 12 లక్షల రూపాయలు ఖర్చయినదనీ, నెలకు 6,000 రూపాయల అద్దె వస్తున్నదనీ అనుకొందాము. సంవత్సరానికి 72,000 అని మన గృహస్థు సంతోషిస్తాడు. కాని ఒకరు ఖాళీ చేసి మరొకరు చేరేలోగా నెలన్నర గడిచినదంటే 9,000 పోయినట్లే. వెల్ల వేయించటానికి, బోరు మోటారు బాగుచేయించటానికి, విరిగిన తలుపు గడియలకు కలిపి 10,000 వేసుకొందాము. ఇంటి పన్ను 2,000. మిగిలినది 51,000. పెట్టిన సొమ్ముపై నూటికి నాలుగుంబావు రూపాయలు. అదే 12 లక్షలను నూటికి 8 రూపాయల వడ్డీపై తెచ్చి ఉంటే మొదటి సంవత్సరం వడ్డీయే 96,000 అవుతుంది. అద్దె అప్పును తీర్చటం అటుంచి, వడ్డీలో సగానికి కొంచెం పైన మాత్రమే పూడ్చగలదు. తక్కినది గృహస్థుని జీతంలోనుండి పోవలసినదే. అద్దె ఆదాయంలో స్థానిక పన్నులు పోగా మిగిలినదానిలో నూటికి 30 వంతులను ఆదాయపు పన్ను చట్టం రసీదులు అడగకుండనే మినహాయిస్తున్నది. ఇంటిని నిలబెట్టటానికి ఏటా ఖర్చుంటుందని ప్రభుత్వమే ఒప్పుకొన్నదన్నమాట. యజమాని మాత్రం ఒప్పుకొనడు. వడ్డీ మా మతంలో నిషిద్ధమనే సంగతి అందరికీ తెలిసినదే. ఆ నిషేధాన్ని ఒక క్షణం ప్రక్కన పెట్టి, కేవలం అంకెలనే నమ్మేవాడికి కూడ ఈ వ్యవహారంలో అప్పు మేలు చేయదని పై లెక్క చెబుతున్నది.

"ధరలు పెరుగుతవి కదా!" అని కొందరు అంటారు. ఈ ఆశ మన ప్రాంతానికి క్రొత్త కాదు. మన మండలానికి దక్షిణాన కృష్ణానది, ఆవలి గట్టున అమరావతి క్షేత్రం. ఆ పేరు పెట్టుకొన్న రాజధాని నదికి దిగువన, గుంటూరు జిల్లాలో రూపుదిద్దుకొంటున్నది. 2014 సెప్టెంబరులో విజయవాడ పరిసరాలలో రాజధాని అనే ప్రకటన వెలువడినది మొదలు, హైదరాబాదు రహదారిపైనున్న కంచికచర్ల, నందిగామల దాకా స్థలాల బేరాలు సాగినవి. 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమిని సమీకరణకు ఇచ్చారు. 2015 అక్టోబరులో శంకుస్థాపన జరిగినది. 2016లో సచివాలయ ఉద్యోగులు వెలగపూడికి తరలివచ్చినప్పుడు విజయవాడలో, మంగళగిరిలో అద్దెలకు రెక్కలు వచ్చినవి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చేసరికి అదే వీధులలో 'అద్దెకు ఇవ్వబడును' అనే పలకలు వ్రేలాడినవి. 2024లో ప్రభుత్వం మారి, 2025 మే నెలలో పనులు పునఃప్రారంభం కావటంతో బేరగాండ్రు మరల బయలుదేరారు.

ఈ పదేళ్ళ చరిత్రలో ఒక సూక్ష్మమున్నది. ఖాళీ స్థలం ధర ఆశను బట్టి పెరుగుతుంది. అద్దె మాత్రం ఆశను బట్టి పెరగదు. ఎందుకనగా అద్దె చెల్లించేవాడు రేపటి రాజధానిలోనుండి చెల్లించడు, ఈ నెల జీతంలోనుండి చెల్లిస్తాడు. ఊరిలో బ్రతుకుతెరువు ఉంటేనే ఇంటికి అద్దె ఉంటుంది. చందర్లపాడులో వాటా అడిగేవారు ఎవరు? బదిలీపై వచ్చిన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, ఆసుపత్రి నర్సులు, మండల కార్యాలయపు సిబ్బంది. నందిగామ 2022లో రెవెన్యూ డివిజను కేంద్రమైనది గనుక అక్కడ మరికొన్ని కుటుంబాలు చేరుతవి. జగ్గయ్యపేటకు సిమెంటు కర్మాగారాలు ఆధారం. ఇల్లు వేయబోయేవాడు ముందు ఈ మనుష్యులను లెక్కపెట్టుకోవాలి, తరువాతనే ఇటుకలను. పత్తికి, మిరపకు ధర పలికిన ఏడు చేతిలో సొమ్ము ఆడుతున్నదని తొందరపడి రెండవ ఇల్లు కొనటం కంటె, ఉన్న ఇంటిలో ఒక వాటాను రెండేళ్ళు అద్దెకిచ్చి, ఆ సాధకబాధకాలు తెలుసుకొని, నాలుగు నెలల అద్దెను మరమ్మతుల నిమిత్తం విడిగా నిలువ ఉంచగలిగినవాడే రెండవ అడుగు వేయటం మంచిది.

ఇక కాగితం సంగతి. "మనలో మనకు కాగితమెందుకు?" అనే మాట మన పల్లెలలో పెద్దమనిషి తరహాగా చెలామణి అవుతున్నది. అప్పు వ్యవహారాన్ని గడువుతో సహా వ్రాసుకొని సాక్షులను పెట్టుకొమ్మని ఆదేశించే ఆయతు పవిత్ర ఖుర్ఆన్‌లోని ఆయతులన్నింటిలోను దీర్ఘమైనది. అల్ బఖరా అధ్యాయంలో అది 282వది. అంతటి శ్రద్ధ అక్కడ చూపినప్పుడు మనం అద్దె విషయంలో నోటిమాటతో సరిపెట్టుకొనటం న్యాయమా? ఏడాదికి మించిన కవులు రిజిస్టరు కావలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్పటం వల్లనే పదకొండు నెలల ఒప్పందం ఆచారమైనది. మన రాష్ట్రంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో 2017లో క్రొత్త చట్టం వచ్చినది. 2021లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు సూచించిన నమూనా చట్టంలో మూడు మంచి మాటలున్నవి. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదు. ఇరువది నాలుగు గంటల ముందు తెలుపకుండ యజమాని అద్దె ఇంటిలో అడుగుపెట్టరాదు. తగవు వచ్చినదని నీళ్ళు, కరెంటు ఆపరాదు. అద్దె కూలి వంటిదనే సూత్రాన్నే ఈ మూడూ వేరొక భాషలో చెబుతున్నవి.

అన్నింటికంటె కఠినమైన ప్రశ్న మరొకటి ఉన్నది. ఇల్లు ఎవరికి ఇవ్వాలి? నేను ఎం.ఏ. చదివే రోజులలో ఒక పట్టణంలో గది కోసం తిరిగాను. తెలుగు శాఖ విద్యార్థినని చెప్పగానే ఇంటివారు ఆదరంగా కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. పేరు చెప్పిన తరువాత, గది నిన్ననే మరొకరికి ఇచ్చామన్నారు. వారం రోజుల దాకా ఆ గుమ్మానికి పలక వ్రేలాడుతూనే ఉన్నది. ఆ వీధి నేటికీ నా కళ్ళ ముందున్నది. ఏళ్ళు గడిచినవి. మొన్న మా ఇంటి పై వాటా కోసం ఒక యువకుడు వచ్చాడు. ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయుడు. "మాస్టారూ, మీ వాటా ఖాళీగా ఉన్నదని చెప్పారండీ" అన్నాడు. కూర్చోమన్నాను. నా నోట వచ్చిన మొదటి ప్రశ్న, "బాబూ, మీ ఇంటిపేరు?" అతడు ఒక్క క్షణం ఆగి, తలవంచుకొని సమాధానమిచ్చాడు. ఆ ఆగటంలోని అర్థం నాకు తెలుసు. నేను కూడ ఒకనాడు అలాగే ఆగాను. లోపలినుండి మా అమ్మ అంతా వింటున్నదేమో, "ముందు ఆ అబ్బాయికి టీ ఇవ్వండ్రా, ఊళ్ళూ పేర్లూ తరువాత అడగవచ్చు" అన్నది. వాటా అతనికే ఇచ్చాము. కాని ఆ ప్రశ్న అడిగిన సిగ్గు నన్ను ఇంకా వదలలేదు. దెబ్బ తిన్నవాడు దెబ్బ కొట్టడని నియమమేమీ లేదు. తాళపుచెవి చేతికి వచ్చిననాడే మనిషికి అసలు పరీక్ష. అద్దెకు వచ్చేవానిని అడగదగిన ప్రశ్నలు నాలుగే – ఏమి పని చేస్తున్నావు, ఎందరుంటారు, ఎంతకాలముంటావు, అద్దె ఏ తేదీన ఇస్తావు.

అద్దెకుండేవారి ధర్మం కూడ చెప్పకపోతే ఈ చర్చ ఏకపక్షమవుతుంది. 2006లో సచార్ కమిటీ తన నివేదికలో, దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలకు పైగా ఉన్నవనీ, వాటి మార్కెటు విలువ సుమారు 1.2 లక్షల కోట్ల రూపాయలనీ, ఏటా వస్తున్న ఆదాయం మాత్రం 163 కోట్లేననీ తెలిపినది. సక్రమంగా వినియోగిస్తే 12,000 కోట్లు రావచ్చునని అంచనా వేసినది. ఈ అంతరానికి కారణాలు అనేకం. తాతలనాటి అద్దెకే దుకాణాలలో కొనసాగుతున్నవారు వాటిలో ఒకరు. ఆ దుకాణదారులలో మన బంధువులూ ఉన్నారు. అనాథకు, పేద విద్యార్థికి చేరవలసిన కూలిని ఎగవేసి, సభలలో సమాజపు వెనుకబాటును గురించి ఉపన్యసించటం తగదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. మన విద్యార్థులు పై చదువులకు, ఉద్యోగాలకు పరాయి ఊళ్ళకు వెళ్ళి గదుల కోసం తిరుగుతున్నారు. పరాయి ఊళ్ళవారు మన ఊరికి వస్తున్నారు. కమిటీవారు ఒక అద్దె ఒప్పందపు నమూనాను తెలుగులోను, ఉర్దూలోను సులభమైన మాటలలో వ్రాయించి, కార్యాలయంలో ఉంచి, అడిగినవారికెల్ల ఇప్పించగలరు. కుల మతాలు విచారింపక గదులిచ్చే గృహస్థుల జాబితాను ఒక పుస్తకంలో నమోదు చేయించగలరు. ఖర్చు స్వల్పం, మేలు అధికం. ఆ పుస్తకంలో మొదటి పేరుగా నా పేరు వ్రాసుకొనవచ్చును.

విద్యార్థి మిత్రులారా! మీలో చాలమంది నేడు అద్దె గదులలో ఉన్నారు. రేపు మీరును ఇండ్లు కడతారు. ఆనాడు లెక్క సరిగా వేసుకొనండి, కాగితం వ్రాసుకొనండి, కప్పు కురవకుండ చూడండి. మీ గుమ్మం ముందు నిలిచి పేరు చెప్పటానికి ఒక్క క్షణం ఆగేవాడు కనిపిస్తే, ఆ క్షణంలో మిమ్ములను మీరు గుర్తుపట్టండి.